ఆకు మరవని పొద్దు, దుప్పి దాటని గీత

కోనసీమ కాలువ గట్ల మీద కొబ్బరి నీడలు నీళ్ళ మీదికి పొడవుగా సాగే వేళ, తడి గడ్డిలో నేలబారుగా అల్లుకున్న అత్తిపత్తి తన సన్నసన్నని ఆకులను జతలు జతలుగా మూసుకోవడం మొదలుపెడుతుంది. ఎవరి వేలూ తగల్లేదు. ఏ మేకపిల్లా తొక్కలేదు. గాలి కూడా పైన కొబ్బరి మట్టల్లోనే ఎక్కడో చిక్కుకుని ఆగిపోయింది. అయినా ముళ్ళు పొదిగిన ఆ ఎర్రని కాడల వెంట నిద్ర మెల్లగా పాకుతుంది. ఎదురెదురుగా విచ్చుకుని ఉన్న చిట్టి ఆకులు ఒకదాని ముఖం మీదికి ఒకటి వాలిపోతాయి. కాడలు వంగుతాయి. పగలంతా పచ్చగా పరుచుకున్న చోట గట్టు మట్టి మళ్ళీ నల్లగా బయటపడుతుంది. పొద్దున లేత గులాబీ, ఊదా కలగలిసిన వన్నెతో గుండ్రంగా విప్పారిన పూలు ఒక్క పగలు బతికిన అలసటతో రంగు దిగి తలలు వాల్చేస్తాయి. ఆకు కాడ మొదట్లో చిన్న ఉబ్బు ఒకటుంటుంది. అందులోని కణాలు నీటిని వదిలేయగానే కాడ సడలిపోతుంది, నీరు తిరిగి చేరితే నిటారుగా లేస్తుంది. కనిపించే యంత్రాంగం ఇంతే. కానీ ఎప్పుడు వదలాలో ఆ కణాలకు ఎవరు చెబుతున్నారు?

1729లో ఫ్రాన్స్‌లో జాక్ డి మైరాన్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు ఈ సందేహమే వచ్చింది. రాత్రుళ్ళు చుక్కలను చూడవలసిన ఆ మనిషి, పగలూ రాత్రీ ఒక కుండీలోని మొక్కను చూస్తూ కూర్చున్నాడు. అత్తిపత్తిలాగే ముట్టుకుంటే ముడుచుకునే మొక్కను వెలుతురు చొరని చీకటి చోట పెట్టాడు. పొద్దు పొడుపు తెలియదు, కుంకడం తెలియదు. అయినా బయట తెల్లవారే వేళకు లోపల ఆకులు విచ్చుకున్నాయి, బయట మసకబారే వేళకు మూసుకున్నాయి. సూర్యుణ్ణి చూడకుండానే ఆ మొక్క సూర్యుడి వేళలు పాటించింది.

ఈ భూమి పుట్టినప్పటి నుంచి తన చుట్టూ తాను తిరుగుతూనే ఉంది. వెలుగు, చీకటి, మళ్ళీ వెలుగు. సముద్రాల మీద, రాళ్ళ మీద, తొలి నాచు పచ్చదనం మీద ఆ వెలుగునీడలు లెక్కలేనన్నిసార్లు వచ్చి పోయాయి. వచ్చి పోయేది ఎన్ని కోట్ల సార్లు వచ్చి పోతే, అది రాకముందే లోపల కదలిక మొదలవుతుంది! భూగోళపు భ్రమణం కాలువ గట్టు మీద పిచ్చిమొక్క కాడలో ఇంకిపోయింది. ఇంకా సొగసైన సంగతి వందేళ్ళ తర్వాత తెలిసింది. స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ 1832లో రాసినదాని ప్రకారం, వెలుతురు మార్పు ఎరగని చోట అత్తిపత్తి 24 గంటలకు కాక 22, 23 గంటలకే ఒక రోజు ముగించేస్తుంది. అంటే పొద్దును అచ్చు గుద్దినట్టు దింపుకోలేదు. తనకంటూ ఒక లయను లోపల అల్లుకుంది. ప్రతి తెల్లవారుజామూ వచ్చి ఆ గడియారాన్ని కాస్త సవరించి పోతుంది.

ఇదే మొక్క చేత ఆస్ట్రేలియాలో పనిచేసే మోనికా గాలియానో బృందం ఇంకో వింత చేయించింది. కుండీతో సహా దాన్ని 15 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మెత్తటి అడుగు మీదికి జారవిడిచారు. మొదట్లో ఉలిక్కిపడి ఆకులన్నీ ముడుచుకుంది. మళ్ళీ మళ్ళీ జారవిడిచేకొద్దీ ముడుచుకోవడం మానేసింది. పడుతున్నా పచ్చగా, నిబ్బరంగా, ఆకులు విప్పుకునే ఉంది. అలసిపోయిందేమోనని వేరే రకంగా కుదిపి చూస్తే ఠక్కున మూసుకుంది. దాదాపు నెల రోజుల తర్వాత మళ్ళీ జారవిడిచినా బెదరలేదు. 2014లో అచ్చయిన ఈ ఫలితాలను జ్ఞాపకం అనవచ్చా, కూడదా అని శాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ తగువు వాళ్ళకు వదిలేద్దాం. నరం లేని, మెదడు లేని ఒక కలుపుమొక్క భయపడటం మానుకుంది. నాకు ఆ ఒక్క దృశ్యం చాలు.

ప్రకృతి నియమాలన్నీ నిజానికి ప్రకృతి అలవాట్లే అన్న మనిషి ఒకాయన మన హైదరాబాదు పక్కనే కొన్నేళ్ళు పనిచేశాడు. పటాన్‌చెరు ఇక్రిశాట్‌ పంటల పరిశోధన సంస్థలో కంది, శనగల మీద పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త రూపర్ట్ షెల్డ్రేక్. ఒక రూపం, ఒక నడత లోకంలో ఒకసారి ఏర్పడితే ఆ తర్వాత ఎక్కడైనా సరే అది ఏర్పడటం తేలికవుతుందని, గడిచినవాటి గురుతు రాబోయేవాటిని తాకుతుందని 1981లో పుస్తకం రాశాడు. నేచర్ అనే శాస్త్రపత్రిక సంపాదకీయంలోనే దాన్ని దుమ్మెత్తిపోసింది. కందిచేల మధ్య రుతువులు గడిపిన మనిషికి అలాంటి ఊహ తోచడం నాకు వింతగా లేదు గానీ, ఆధారాలు ఆయన పక్షాన నిలవలేదు. అంత దూరపు ఊహ లేకుండానే, గడిచినది రాబోయేదాన్ని తాకే ఈ వింత జరిగిపోతోంది. గూటిలో తండ్రి పాట, కొండవాలు మీద తల్లి అడుగు, అంతే కావాలి దానికి.

ఆస్ట్రేలియా నడిగడ్డ మీద, ఇటుకరంగు నేలలో ఎండుగడ్డి బంగారు పోచలు గాలికి వాలే చోట, పన్నెండు గ్రాములు తూగే పిట్ట ఒకటి ముళ్ళపొద మీద వాలుతుంది. జీబ్రా ఫించ్. పగడంలా మండే ముక్కు. రెండు చెంపల మీదా నారింజ రంగు మచ్చలు. మెడ కింద వెంట్రుకవాసి నల్లని, తెల్లని చారలు. రెక్కల కింద పక్కటెముకల మీద ముదురు గోధుమరంగులో తెల్లని చుక్కలు, ముగ్గు పిండి చిలకరించిన గురుతులు. మన ఊళ్ళలో పంజరాల పిట్టల అంగళ్ళలో కిచకిచమనేవి వీటి వారసులే. పాడేది మగపిట్ట ఒక్కటే. పాట పొడవు మహా అయితే ఒక్క క్షణం, ఆ క్షణాన్నే తిప్పి తిప్పి పాడుతుంది. ఆ బుల్లి పాట వెనక ఒక బాల్యమంతా ఉంది. గూడు వదిలిన పిల్ల తండ్రి పక్కన ఒదిగి కూర్చుని వింటుంది. వినడం వినడమే, నోరు మెదపదు. నెల నిండుతుండగా గొంతులోంచి ఏవో అర్థం లేని చప్పుళ్ళు, గురగురలు, విరిగిన కూతలు రాలతాయి. పసిపాప ఉంగాల వంటివి అవి. రోజూ వేల సార్లు అవే అవే. ఒకనాడు ఒక స్వరం తండ్రిదానిలా తగులుతుంది, మర్నాడు జారిపోతుంది. మూడో నెల ముగిసే వేళకు, అప్పటిదాకా పలచగా జారిన బెల్లం ఒక్క పొంగుతో ముదురుపాకానికి వచ్చినట్టు, ఆ పాట చిక్కబడి గడ్డకడుతుంది. ఇక మారదు. వానొచ్చినా, కరువొచ్చినా, జతకట్టినా, ముసలిదైనా ఆ పిట్టకు జన్మంతా అదే పాట.

రాత్రి ఏమవుతుందో చూడండి. పొద మీద చీకటి దిగింది, ఈకలు ఉబ్బించుకుని పిట్ట నిద్రపోయింది, పగడపు ముక్కు రెక్కలో దాగింది. గొంతు కదలదు. కానీ లోపల, పగలు పాడేటప్పుడు ఏ నాడీకణాలు ఏ వరసలో మిణుకుమన్నాయో, నిద్రలో అప్పుడప్పుడూ అవే కణాలు అదే వరసలో మిణుకుమంటాయి. షికాగోలో అమీష్ దవే, డేనియల్ మార్గోలియాష్ 2000లో ఈ సంగతి బయటపెట్టారు. చప్పుడు లేని పాట. పాడేవాడు నిద్రపోయినా సాగే సాధన. దాన్ని కల అనాలో అనకూడదో గానీ, ఎవరూ వినని ఆ పాటను తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

మరి తండ్రే లేని పిల్ల? ఒంటరిగా, ఏ పాటా వినకుండా పెరిగిన మగపిట్ట పెద్దయ్యాక పాడుతుంది గానీ ఆ పాట వినలేం. గరుకుగా, సాగదీసినట్టు, దారితప్పిన కూత. న్యూయార్క్‌లో ఓల్గా ఫెహెర్, ఓఫెర్ చెర్నికోవ్‌స్కీ బృందం అలాంటి గరుకుపాట పిట్టనే గురువుగా చేసి పిల్లలకు పాట నేర్పించారు. అవి పెద్దయ్యాక వాటి దగ్గర మరికొన్ని పిల్లలు, వాటి దగ్గర ఇంకొన్ని పిల్లలు. ప్రతి పిల్లా తనకు చెప్పిందాన్ని శ్రద్ధగా వల్లించింది, వల్లిస్తూ ఎక్కడో ఒకచోట పిసరంత నునుపు చేసింది. మూడు నాలుగు తరాలు తిరిగేసరికి ఆ పంజరాల్లోంచి దాదాపు ఆస్ట్రేలియా గడ్డిమైదానాల పాటే వినిపించింది. అసలు పాటను ఆ పిట్టల్లో ఒక్కటీ ఎన్నడూ వినలేదు! నేర్చుకున్నది అలవాటవుతుందని మనకు తెలుసు. నేర్చుకునే గొంతు వంపులోనే ఆ పాటకు సగం దారి తవ్వి ఉందని 2009లో ఆ పిట్టలు చెప్పాయి.

ఆస్ట్రియాలో డాన్యూబ్ నది ఒడ్డున ఆల్టెన్‌బెర్గ్ అనే పల్లె. కొన్రాడ్ లోరెంజ్ ఇల్లు అక్కడ. జంతువుల నడతను చదివినందుకు 1973లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్న లోరెంజ్ ఆయనే. గుడ్డులోంచి బయటపడగానే తననే తల్లి అనుకున్న ఒక ఆడబాతును ఆయన ఇంట్లో పెంచాడు. బూడిదరంగు పెద్దబాతు, వెన్ను మీద ప్రతి ఈకకూ పాలతెలుపు అంచు, నారింజ ముక్కు, గులాబీ పాదాలు, నీటి మబ్బు వన్నె రెక్కలు. పేరు మార్టినా. రాత్రుళ్ళు మేడ మీద ఆయన పడకగదిలోనే దాని నిద్ర. పసిదిగా ఉన్నప్పుడు మొదటిసారి దాన్ని వీధి తలుపులోంచి తన కాళ్ళ మీద నడిపించి లోపలికి తెచ్చాడు. చీకటి హాలు, ఎన్నడూ చూడని గోడలు, పైకి లేచిన మెట్లు. బెదిరిపోయింది. భయపడిన పక్షి ఎప్పుడూ చేసే పనే చేసింది: వెలుతురు వైపు పరిగెత్తింది. మెట్లు దాటి, హాలు చివర సాయంకాలపు వెలుగు నిలిచిన పెద్ద కిటికీ దగ్గరికి. అక్కడ కాసేపు నిలబడి, గుండెదడ తగ్గాక వెనక్కి వచ్చి ఆయన వెంట మెట్లెక్కింది.

మర్నాడూ అంతే. ముందు కిటికీ, తర్వాత మెట్లు. భయం ఎప్పుడో పోయింది, ఇల్లు తనదైంది, కిటికీలో చూడవలసింది ఏమీ లేదు. అయినా ప్రతి సాయంత్రం ఆ గులాబీ పాదాలు చెక్కనేల మీద టపటపమంటూ కిటికీ వైపు వెళ్ళి తిరిగి వచ్చేవి. రోజులు గడిచేకొద్దీ కిటికీ దాకా పోవడం తగ్గింది. సగం దూరం, పావు దూరం. ఏడాది తిరిగేసరికి అంత యాత్రలోనూ మిగిలింది మెట్ల దగ్గర కిటికీ వైపుకు ఒక చిన్న మలుపు, అంతే. పాత భయానికి చివరి దండం అది.

ఒకనాడు లోరెంజ్ దాన్ని లోపలికి పిలవడం మరిచిపోయాడు. బాగా చీకటిపడ్డాక గుర్తొచ్చి తలుపు తీశాడు. ఆలస్యమై కంగారుపడిన మార్టినా ఆయన కాళ్ళ సందునుంచి దూసుకొచ్చి, కిటికీ వైపు తిరగకుండా, నేరుగా మెట్లు ఎక్కేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో మెట్టు మీద ఆగిపోయింది. మెడ నిక్కించింది. రెక్కలు సగం విప్పింది. ప్రమాదం వచ్చినప్పుడు మందను హెచ్చరించే కూత పెట్టింది. క్షణం తటపటాయించి, వెనక్కి తిరిగి గబగబా మెట్లు దిగి, మునుపెప్పుడో మానేసిన ఆ పొడవాటి దారంతా నడిచి కిటికీ దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, ఎప్పటి పక్కనుంచే మెట్లెక్కింది. ఐదో మెట్టు మీద మళ్ళీ ఆగింది. అటూ ఇటూ చూసింది. ఒళ్ళు విదిల్చుకుంది. ఆపద తప్పి గుండె కుదుటపడినప్పుడు ఆ జాతి బాతులు చేసే పలకరింపు చేసింది. లోరెంజ్ తన కళ్ళను తానే నమ్మలేకపోయాడు.

బయలుదేరే ముందు గడప దగ్గర వెనక్కి వచ్చి ఓ గుక్కెడు నీళ్ళు తాగి వెళ్ళే మనుషులను ఎరిగినవాళ్ళకు ఆ ఐదో మెట్టు కొత్త కాదు. మార్టినా మనసులో ఏం జరిగిందో మనం చూడలేం. మెడ నిక్కడం మాత్రం చూశాం. బోస్టన్ దగ్గర ఎంఐటీలో ఆన్ గ్రేబీల్ బృందం ఎలుకల మెదడులో దీనికి దగ్గరిదే గమనించింది. కొత్త దారిలో చాక్లెట్ కోసం వెతికే ఎలుకకు మెదడు అడుగున ఒక భాగంలో నాడులు దారి పొడవునా రవ్వలు చిమ్ముతాయి. అదే దారిలో రోజూ పరిగెత్తగా పరిగెత్తగా నడుమంతా చీకటైపోతుంది. బయలుదేరే చోట ఒక మెరుపు, చేరే చోట ఒక మెరుపు. మధ్యలో కాళ్ళే పోతుంటాయి.

అలవాటు ఒక్క ప్రాణితో పోతే అది ముచ్చట. ప్రాణి పోయినా నిలిస్తే అది అడవి అవుతుంది. చెక్ దేశపు షుమావా, జర్మనీ బవేరియా అడవులు ఒకే పచ్చని కొండల వరస. నల్లపచ్చని స్ప్రూస్ చెట్లు, బెరడు పురుగు తొలిచేయగా వెండిరంగు మోడులై నిలిచిన పాత వృక్షాలు, నాచు మెత్తలు పరిచిన బురద మడుగులు, మోకాళ్ళ లోతు పొగమంచు. ఆ మంచులోంచి తెల్లవారుజామున ఎర్ర దుప్పులు బయటికొస్తాయి. ఎండాకాలపు ఒంటి రంగు కాలిన ఇటుకది, తడి ముక్కులోంచి ఆవిరి, విడివిడిగా తిరిగే పెద్ద చెవులు. ముందు నడిచే ఆడ దుప్పి కొండవాలు మీద ఒకచోట ఆగుతుంది. ఎదర చెట్లే, ఈవలా చెట్లే. అదే నాచు, అదే లేత గడ్డి. గాలి వాసన చూస్తుంది, చెవులు ముందుకు తిప్పుతుంది, మెల్లగా పక్కకు మళ్ళిపోతుంది. వెనక వస్తున్న పిల్లా అక్కడే మళ్ళుతుంది.

అక్కడ ఒకప్పుడు మూడు వరసల విద్యుత్ కంచె ఉండేది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఐరోపాను రెండుగా చీల్చిన ఇనుప తెర ఆ అడవి నడుమనుంచి పోయింది. 1989 తర్వాత కంచెలు పీకేశారు, కాపలా బురుజులు పోయాయి. ఆ గీత మీద చెట్లు మొలిచి పెరిగాయి. దాదాపు 300 దుప్పుల మెడలకు ఉపగ్రహ సంకేతాల పట్టీలు కట్టి ఏడేళ్ళు వెంబడించిన పావెల్ షుస్టర్ వంటి జీవశాస్త్రజ్ఞులు చూసింది ఇది: 2014 నాటికి, కంచె పోయి పాతికేళ్ళవుతున్నా, చెక్ వైపువి చెక్ వైపే, జర్మనీ వైపువి జర్మనీ వైపే మసలుతుండేవి. దుప్పి బతికేది ఇంచుమించు పదిహేనేళ్ళు. కంచెను చూసిన దుప్పి ఆ అడవిలో ఒక్కటీ మిగల్లేదు. జర్మనీ వైపు అహోర్నియా అని పేరుపెట్టిన ఆడ దుప్పి ఒకటి కంచె పోయిన ఎన్నో ఏళ్ళకు పుట్టింది. అదీ ఆ గీత దాకా వచ్చి వెనక్కి మళ్ళేది. పుట్టిన మొదటి ఏడాదంతా పిల్ల తల్లి వెనకే తిరుగుతుంది. ఎక్కడ మేయాలి, ఎక్కడ దాగాలి, ఎక్కడ మళ్ళాలి అన్నీ ఆ అడుగుల్లోనే నేర్చుకుంటుంది. ఎప్పుడో ఒక ముత్తవ్వను తాకిన షాక్, నొప్పి ఆరిపోయి, కారణం మాసిపోయి, ఒట్టి మలుపుగా మిగిలింది. సైనికులు కట్టిన సరిహద్దును ఆ తర్వాత దుప్పులు కాపలా కాశాయి. తల్లిని విడిచిన కుర్ర మగ దుప్పులు మాత్రం ఎప్పుడైనా ఆ గీతను తొక్కుకుని అవతలికి పోతుంటాయి, ఏమీ ఎరగనట్టు.

మలుపు నిలిచినట్టే, దారి మరుగైపోవడం కూడా ఒక్క మందతోనే జరిగిపోతుంది. అమెరికాలో వయోమింగ్ కొండల్లో బిగ్‌హార్న్ అనే కొండగొర్రెలున్నాయి. రాతిరంగు ఒళ్ళు, చెవుల చుట్టూ సుడి తిరిగి మళ్ళీ ముందుకొచ్చే బరువైన కొమ్ములు, నిలువు కొండచరియ మీద కూడా తొణకని గిట్టలు. వసంతంలో మంచు కరిగేది ఒక్కసారి కాదు, లోయనుంచి మొదలై మెల్లమెల్లగా శిఖరం వైపు ఎక్కుతుంది. దాని వెనకాలే లేతపచ్చ కూడా ఎక్కుతుంది. ఇవాళ ఈ వాలు, వారం తర్వాత ఆ పై వాలు. పచ్చదనం అలలా కొండెక్కుతుంటే, ఆ అల తల మీదే అడుగులేస్తూ మందలు పైపైకి పోతాయి. రెండు వందల ఏళ్ళకు పైగా ఆ కొండల్లోనే ఉన్న మందలు ఈ ప్రయాణాన్ని గడియ తప్పకుండా చేస్తాయి. వేటకూ, పెంపుడు గొర్రెల రోగాలకూ చాలా మందలు తుడిచిపెట్టుకుపోయాక, ఖాళీ అయిన కొండల్లోకి వేరేచోటి గొర్రెలను తెచ్చి వదిలారు. ఆరోగ్యంగా ఉన్నవే, అదే జాతివే, ఎదురుగా అదే పచ్చని వాలు. కానీ వాటిలో కొత్తగా వలస పట్టినవి నూటికి తొమ్మిది కూడా లేవు. దించిన చోటే, ఎండిన గడ్డి కొరుక్కుంటూ ఉండిపోయాయి.

తర్వాత ఏదో ఒక ఆడగొర్రె, ఏ ఏడో, కొంచెం పైకి వెళ్ళింది. దాని పిల్ల అంతదూరం తెలుసుకుని లేతపచ్చిక ఉన్నచోటికి ఇంకొంచెం వెళ్ళింది. బ్రెట్ జెస్మెర్ బృందం 2018లో లెక్క కట్టి చెప్పింది: నూటికి ఎనభై గొర్రెలు మళ్ళీ ఆ దారి పట్టడానికి నలభై ఏళ్ళు పడుతుంది. అరచేతుల్లా వెడల్పుగా పరుచుకున్న కొమ్ములు మోసే మూస్ దుప్పులకైతే తొంభై. ఇటీవలే దించిన మందలు ఇంకా అడుగువాలుల్లోనే ఉన్నాయి. వాటికి పైన, ఒక్కరోజు నడక దూరంలో, ఈ వేసవి గడ్డి కూడా ఎవరి నోటికీ అందకుండా ముదిరి గింజ కడుతుంది.